కాలువ గట్టు మీద బోధకుడు
(క్లౌ దొరగారి జీవితం నుంచి మన ఇళ్లకు కొన్ని ఆరోగ్య పాఠాలు)



నీరు చేసే మేలూ, నీరు కొట్టే దెబ్బా మన బందరు ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు చుట్టుపక్కల సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసిన పెద్దలు గిలకలదిండిలోనూ, నాగాయలంక వైపునా ఇప్పటికీ ఉన్నారు. బందరు ఉప్పెన వచ్చిన ఆ 1864 చివరిలోనే అమెరికాలో ఒక యువకుడు మన తెలుగుదేశానికి ఓడ ఎక్కాడు. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ. ఈ నెల పాఠంలో ఆయన గురించి తెలుసుకుందాం.

పొలం నుంచి ప్రసంగ వేదికకు

క్లౌ గారు 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. చిన్నతనంలోనే ఆయన కుటుంబం పడమటి వైపు వలస వెళ్లి, చివరకు అయోవాలో స్థిరపడింది. అది కొత్తగా దున్నుతున్న నేల. యువకుడిగా ఆయన మిన్నెసోటాలో భూముల సర్వే పని నేర్చుకున్నారు. లాయరు కావాలని కాలేజీలో చేరారు గాని, అక్కడే ఆయన మనసు మారింది. తరువాత మెథడిస్టులు స్థాపించిన అప్పర్ అయోవా విద్యాలయంలో చదివారు. కొంతకాలం బడిలో పాఠాలు చెప్పారు. ఊరూరా తిరిగి క్రైస్తవ పుస్తకాలు అమ్మారు. ఆయన బాప్టిస్టు సంఘానికి చెందినవారు.

1866లో ఆయన ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నది 8 మందే. ఆ తొలి రోజుల్లో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు ఎర్రగుంట్ల పేరయ్య గారు. ఆయన తోళ్ల వ్యాపారి. సరుకు కోసం తిరిగిన ఊళ్లన్నీ ఆయనకు తెలుసు, అక్కడి మనుషులూ తెలుసు. ఆ పరిచయాల వల్లనే దొరగారికి పల్లెల తలుపులు తెరుచుకున్నాయి.

ధాత కరువు

1876లో వానలు పడలేదు. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ భారతదేశంలో యాభై లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. 1855 నాటికే బెజవాడ ఆనకట్ట పూర్తయినందువల్ల మన డెల్టాకు కృష్ణ నీళ్లు అందాయి. ఒంగోలు మెట్ట ప్రాంతానికి ఆ భాగ్యం లేదు.

అప్పుడు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. మన కృష్ణా కాలువలను మద్రాసుతో కలిపిన పడవ దారి ఇదే. క్లౌ గారు అందులో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. యువకుడిగా నేర్చిన సర్వే పని ఇక్కడ అక్కరకొచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పలుగు, పార, తట్ట పట్టి పని చేసిన ప్రతి ఒక్కరి చేతికీ కూలి సరిగా అందేటట్టు చూశారు. అడుక్కుని తినే గతి పట్టకుండా, కష్టపడి తిన్నామన్న గౌరవం వారికి మిగిలింది.

ఎంత తిండి కావాలి?

ఆ రోజుల్లోనే మద్రాసులో పెద్ద వాదం నడిచింది. కరువు పని చేసే మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, పైన ఒక అణా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించారు. మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. మట్టి మోసే మనిషికి కనీసం పౌనున్నర గింజలు, వాటితోపాటు పప్పు, కూరగాయలు కావాలని పట్టుబట్టారు. కడుపు మాడ్చుకుని పని చేస్తే ఒంట్లో కండ కరుగుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. డాక్టరు చెప్పిందే నిజమైంది. తిండి లేక నీరసించిన జనం మీద కలరా విరుచుకుపడింది.

కలరా ఎలా వస్తుందో అప్పటి ప్రజలకు తెలియదు. అమ్మవారి కోపమనీ, చెడు గాలి అనీ అనుకునేవారు. దానికి కారణమైన క్రిమిని రాబర్ట్ కోచ్ కలకత్తాలో పరీక్షించి ప్రకటించింది 1884లో. కలుషితమైన నీటి వల్ల, ఆహారం వల్ల ఆ క్రిమి కడుపులోకి చేరుతుంది. ఒంట్లోని నీరూ ఉప్పూ విరేచనాలలో కొట్టుకుపోవడం వల్లనే మనిషి చనిపోతాడు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి వేలమందిని బ్రతికించారు. ఈనాటి ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు వెనుక ఉన్న కథ ఇదే.

మన ఇంట్లో చేయవలసినవి

వానాకాలంలో పసిపిల్లలను చంకనేసుకుని వచ్చే తల్లులు కొందరు, "నీళ్లు పడితే విరేచనాలు ఎక్కువవుతాయని ఆపేశామండీ" అని మాతో అంటుంటారు. అమ్మా, దయచేసి అలా చేయకండి. పోయిన నీటిని తిరిగి పోయకపోతే బిడ్డ మనకు దక్కదు.

1. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపండి. 24 గంటల తరువాత మిగిలితే పారబోయండి.
2. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీటికి 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు వేయండి. చెంచాలు తలకొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.
3. తల్లిపాలు ఆపవద్దు. పెద్ద పిల్లలకు మెత్తని పప్పన్నం, మజ్జిగన్నం పెట్టండి. డాక్టరు ఇచ్చిన జింకు మందు చెప్పిన అన్ని రోజులూ వాడండి.
4. కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.
5. తుఫాను, వరద వచ్చినప్పుడు తాగే నీళ్లను తెర్లేదాకా కాచి, మూతపెట్టి ఉంచండి.

చివరి మాట

కరువు సహాయం సాగినంత కాలం క్లౌ గారు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట ఆ పేదల మీద పడకూడదని ఆయన ఉద్దేశం. సహాయం నిలిపివేశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆయన 1910లో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి వెలిసింది.

ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టేటప్పుడూ, రోగికి మందు ఇచ్చేటప్పుడూ బదులుగా ఏమీ అడగకూడదని ఆయన జీవితం మనకు నేర్పుతోంది. పని చేయించుకున్నవారికి కడుపునిండా తినేంత కూలి ఇవ్వడం కూడా ఆరోగ్య సేవే.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి

1. మన ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడివి? కుండలో ముంచే గ్లాసు శుభ్రంగా ఉందా?
2. అందరికీ వడ్డించాక ఇంటి ఇల్లాలికి పప్పు, కూర మిగులుతున్నాయా?
3. మన వీధిలో విరేచనాలతో ఎవరైనా పడుకుంటే, ఓ.ఆర్.ఎస్. కలిపి ఇవ్వడం మనలో ఎందరికి వచ్చు?