పిడికెడు బియ్యము – క్రైస్తవారాధన, నిత్యజీవనము

మన పాఠశాలలో హిందూ, క్రైస్తవ, ముసల్మాను కుటుంబముల పిల్లలు ఒకే బల్లపై కూర్చుండి తెలుగు చదువుకొనుచున్నారు. ఒకరి పండుగనాడు మరొకరికి మిఠాయి అందును. కాని ఒకరి ఇంట దేవుని ఎట్లు కొలుతురో మరొకరికి తెలియుట అరుదు. ఆ లోటు కొంతయైనను తీరవలెనని ఈ సంచికలో క్రైస్తవారాధనను గూర్చి, అందును అది దినదిన జీవితములో ప్రవేశించిన విధమును గూర్చి, తల్లిదండ్రుల ముందుంచ దలచితిని. నేను పుట్టుకచే క్రైస్తవుడను గాను. ముప్పది యేండ్లుగా క్రైస్తవ బాలబాలికలకు పాఠములు చెప్పుచు, వారివలన కొంత నేర్చుకొన్న ఉపాధ్యాయుడను మాత్రమే.

ఈ వ్యాసమునకు నన్ను పురికొల్పినది ఒక చిన్న సంఘటన. గడచిన అర్ధసంవత్సర పరీక్షలలో ఏడవ తరగతి లెక్కల పత్రములను నేనే దిద్దితిని. ఒక బాలుని మార్కులు కూడుటలో పొరబడి 61కి బదులు 67 వేసితిని. పత్రములు పంచిన మరునాడు ఉదయము ఆ బాలుడు నా గదికి వచ్చి, "సార్, నాకు ఆరు మార్కులు ఎక్కువ వేసినారు" అని చూపెను. "నిన్ననే ఎందుకు చెప్పలేదురా?" అని అడిగితిని. వాడు తల వంచుకొని, "నిన్న చెప్పబుద్ధి కాలేదు సార్. రాత్రి ప్రార్థనలో అమ్మ అడిగింది" అనెను.

విచారింపగా తెలిసినదేమనగా, ఆ తల్లి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరును. భోజనములైన పిదప చాప పరచుకొని ఇంటిల్లిపాదియు ఒక కీర్తన పాడి, బైబిలులో ఒక అధ్యాయము చదువుకొందురు. ప్రార్థనకు ముందు ఆ దినమున తాను చేసిన తప్పు ఏదైన నున్నయెడల ఒక్కొక్కరు చెప్పుకొనవలెను. తల్లియు చెప్పును, తండ్రియు చెప్పును. ఆ పావుగంట ఆరాధన రాత్రి చాపమీద ముగిసిపోక, మరునాడుదయము నా బల్లవరకు నడచి వచ్చినది. నీతిపాఠములు చెప్పు మాకు ఇది తలచుకొనదగిన విషయము.

ఆరాధన యను మాట

క్రైస్తవుల గ్రంథములో మొదటి భాగము హెబ్రీ భాషలోనిది. ఆ భాషలో 'అవోదా' యను పదము కలదు. దానికి పని యనియు, సేవ యనియు, ఆరాధన యనియు అర్థములు. పొలములో చేయునదియు, దేవాలయములో చేయునదియు ఒకే మాటతో చెప్పబడినవి. అట్లే సంఘారాధనకు గ్రీకు క్రైస్తవులు వాడిన 'లెయితూర్గియా' యను పదము మొదట గుడికి సంబంధించినది కాదు. ప్రాచీన గ్రీకు నగరములలో ధనవంతుడు తన సొంత ఖర్చుతో యుద్ధనౌకను సిద్ధపరచుటయో, ఉత్సవమునకు గాయకబృందమును పోషించుటయో ఆ పేరు వహించెను. ప్రజలకొరకు సొంతముగా భరించి చేసెడి పని యని దాని భావము.

ఇందువలననే ఆ గ్రంథములోని ప్రవక్తలు ఉత్త ఆచారముపై మండిపడిరి. న్యాయము లేని చోట పాటలును పండుగలును దేవునికి వెగటని ఆమోసు ప్రవక్త హెచ్చరించెను. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయే నిజమైన ఉపవాసమని యెషయా గ్రంథము బోధించును. తూనికరాళ్లు, కొలపాత్రలు సరిగా నుండవలెనన్న నియమమును లేవీయకాండము పరిశుద్ధతను గూర్చిన అధ్యాయములోనే చేర్చినది. యేసు కొండమీద చేసిన ప్రసంగములో, బలిపీఠమునొద్ద కానుక నర్పింపబోవునపుడు సోదరునితో తగవు జ్ఞాపకము వచ్చెనేని, కానుకను అక్కడనే విడిచి ముందుగా సమాధానపడి రావలెనని యుపదేశించెను. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన లేఖ 12వ అధ్యాయములో మనుష్యుని దేహమునే, అనగా వాని నిత్య ప్రవర్తననే, సజీవమైన కానుకగా నర్పింపుడని కోరెను.

ఆరవ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు అను సన్యాసి తన మఠమునకు కొన్ని నియమములు వ్రాసెను. మఠములోని పనిముట్లను, సామాగ్రిని బలిపీఠముమీది పాత్రలవలెనే చూచుకొనవలెనని అందొక నియమము. దసరాలో ఆయుధపూజనాడు మన బెంగళూరులో బస్సులకును, రంపములకును, కుట్టుమిషనులకును పూలమాలలు వేయుట చూచినవారికి ఈ భావము క్రొత్త కాదు.

ఒంగోలు పల్లెలలో ఆదివారము

ఇక మన తెలుగునేలకు వత్తము. 1866లో ఒంగోలు చేరిన అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ యొద్దకు వచ్చినవారిలో అధికులు తోలుపని చేసెడి మాదిగ కులమువారు. తాళ్లకొండపాడునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య వారిలో ముఖ్యుడు. సంఘములో చేరినవారు పాటింపవలసిన నియమములు ప్రధానముగా మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు.

వీనిలో మొదటిది నేడు మనకు స్వల్పముగా తోచును. కాని ఊరివారు పిలిచిన క్షణమున ఏ పనికైనను పరుగెత్తవలసిన మనుష్యునికి, వారములో ఒక దినము నాది కాదు, దేవునిది యని చెప్పగలుగుట సామాన్యము కాదు. తన కాలముపై తనకొక హక్కు కలదని అతడు మొదటిసారిగా పలికిన మాట యది. కొన్ని ఊళ్లలో పెద్దలు దీనికి అడ్డుపడిరి. ఆరాధన అట్లు కూలివాని గౌరవముతో ముడిపడెను.

1876–78 కాలమున గొప్ప కరవు వచ్చెను. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. సంఘబోధకులే మేస్త్రీలుగా నిలిచి, విశ్రాంతివేళ కూలివారి నడుమ కూర్చుండి బోధించిరి. అయినను తిండికొరకు మతము మారిరను మాట రాకుండునట్లు, సహాయము జరుగుచున్న కాలమున అతడు బాప్తిస్మములను నిలిపివేసెను. కరవు తగ్గిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను చరిత్రకారులు తరచుగా పేర్కొందురు. అంతకు ముందు నిలిపివేసిన నెలలను కూడ పిల్లలకు చెప్పవలెనని నా మనవి. అన్నము పెట్టి ప్రతిఫలము కోరకుండుటయు ఆరాధనలో భాగమే గదా.

డోర్నకల్లు కానుక

రెండవ యుదాహరణ నేటి తెలంగాణములోని డోర్నకల్లు. 1874లో తిరునల్వేలి ప్రాంతమున జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1909లో డోర్నకల్లు వచ్చి తెలుగు నేర్చి, తెలుగువారి నడుమనే జీవించెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికను సంఘమునకు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందెను. 1945 జనవరి 1న కీర్తిశేషుడయ్యెను. పరభాషా ప్రాంతమున జీవించు మనకు, పరభాష నేర్చి ఆ ప్రజలకే తన బ్రతుకు ధారవోసిన ఈ తమిళుని కథ ప్రత్యేకముగా ఆదరణీయము.

ఆయన కాలమున ఆ ప్రాంతపు పల్లెలలో బడియు గుడియు సాధారణముగా ఒకే పాకలో నడిచెను. ఉపాధ్యాయుడే పగలు పాఠము చెప్పి, సాయంకాలము పొలమునుండి తిరిగివచ్చిన కూలివారిని చేర్చి ప్రార్థన చేయించెడివాడు. అక్షరములు రానివారును కీర్తనలను, విశ్వాసప్రమాణమును వినివిని నోటికి నేర్చిరి.

పేదవారైనను దేవునికిచ్చు ఆనందమునకు వారు దూరము కారాదని అజరయ్య బోధించెను. కోతకాలపు పండుగలో ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు కానుకలుగా వచ్చెడివి. ఇల్లాండ్రు వంటకు బియ్యము తీసినప్పుడు ఒక పిడికెడు వేరుగా నుంచి, దానిని కూడబెట్టి సంఘమునకు ఇచ్చెడివారు. ఈశాన్యమున మిజోరాంలోని క్రైస్తవ గృహములలో 'బుహ్‌ఫాయ్ థామ్' అను పేర ఇట్టి ఆచారమే వేరుగా పుట్టి నేటికిని సాగుచున్నది.

ఇక్కడ పిల్లలచేత ఒక లెక్క చేయింపవచ్చును. పిడికెడు బియ్యము 30 గ్రాములనుకొందము. దినమునకు రెండు పూటలకు 60 గ్రాములు. సంవత్సరమునకు 21 కిలోల 900 గ్రాములు. ఏబది ఇండ్లున్న పేటలో 1,095 కిలోలు, అనగా దాదాపు పదకొండు క్వింటాళ్లు! కాని ఈ లెక్కకందని ఫలితమొకటి కలదు. పొయ్యి వెలిగించినప్పుడెల్ల ఆ ఇల్లాలు తన ఇంటి ఆకలితో పాటు పరుల ఆకలిని తలచుకొనెను. వంటయిల్లే ఆమెకు ప్రార్థనాస్థలమయ్యెను.

పాట, దీపము, చేయి

ఆరాధనను ఇంటికి చేర్చిన మరొక సాధనము పాట. 1803లో జన్మించి 1890లో పరమపదించిన పురుషోత్తమ చౌధరి మన రాగతాళములలో క్రైస్తవ కీర్తనలు రచించెను. వేరువేరు శాఖలవారు ఉపయోగించు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను గ్రంథములో ఆయన కీర్తనలు ప్రసిద్ధములు. ఇవి పుస్తకము లేకయే నోటికి వచ్చుటచే నాటు వేయునప్పుడును, తిరుగలి త్రిప్పునప్పుడును పాడుకొనుటకు వీలయ్యెను.

మన బెంగళూరునకును ఈ కథలో స్థానము కలదు. 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికను మహాసభ కతోలిక పూజలో దేశభాషలకు ద్వారము తెరచెను. 1967లో బెంగళూరున నెలకొన్న జాతీయ బైబిలు, ధర్మోపదేశ, ఆరాధన కేంద్రము ఆ మార్పును భారతదేశమున వ్యాపింపజేయుటకు పాటుపడెను. పాదరక్షలు విడుచుట, చేతులు జోడించి నమస్కరించుట, క్రింద కూర్చుండుట, నూనెదీపము వెలిగించుట వంటి ఆచారములకు 1969లో అనుమతి లభించెను. ఇంటి మర్యాదలు గుడిలో ప్రవేశించుటకు ఇట్లు దారి యేర్పడినది.

1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము 1950లో తన ప్రభుభోజన ఆరాధనాక్రమమును ప్రకటించెను. అందు సమాధానమును చేతినుండి చేతికి అందించుకొను పద్ధతి కలదు. ప్రక్కనున్నవాడు ఏ కులమువాడైనను వాని చేయి పట్టవలెను. క్రైస్తవ సంఘములలోను కులభేదములు నిలిచియున్నవని ఆ సంఘముల పెద్దలే విచారముతో ఒప్పుకొందురు. ఆదివారము గుడిలో పట్టిన చేతిని సోమవారము సంబంధము మాటలాడునపుడు విడిచినచో ఆ ఆరాధన గుమ్మము దాటనట్లే. ఈ ప్రశ్న ఒక్క క్రైస్తవులకే కాదు, దేవుని పేరు తలచు మనకందరకును వర్తించును.

ఇంటివారికి ఒక మనవి

తెలుగు క్రైస్తవ తల్లిదండ్రులు కొందరు నాతో ఒక బాధ చెప్పుకొనుచుందురు. పిల్లలు ఆదివారము ఆంగ్ల ఆరాధనకు పోవుటకే ఇష్టపడుచున్నారు. అవ్వ చేయు ప్రార్థన వారికి సగమే తెలియుచున్నది. ఆంగ్లములో ప్రార్థించుట తప్పు కాదు. దేవునికి భాషాభేదము లేదు. కాని అవ్వ భాష తెలియని పిల్లవానికి అవ్వ కన్నీరును తెలియదు. వారమునకొక గంట వెళ్లు స్థలముకంటె దినమునకొక పావుగంట కూర్చుండు చాప పిల్లల మనస్సును ఎక్కువగా తీర్చిదిద్దును. ఆ పావుగంట తెలుగులో నడచినచో విశ్వాసమును భాషయు ఒక్క దీపమునకే వెలుగును. ఇతర మతములవారు తమ తమ సాయంప్రార్థనలను గూర్చియు ఇట్లే తలపవచ్చును.

ఒక ఒప్పుదలతో ముగించెదను. ఆ బాలుని పత్రముపై 67 కొట్టివేసి 61 వేసిన తరువాత, ఇన్నేండ్లుగా ఉదయపు ప్రార్థనలో నిలుచుండి నేనెన్ని మారులు పిల్లల వరుసలు సరిగా నున్నవా యని మాత్రమే చూచితినో తలచుకొంటిని. నాటినుండి ప్రార్థన ముగిసిన పిదప, నిన్న ఏ పిల్లవానిపై అకారణముగా కోపపడితినో జ్ఞాపకము చేసికొనుచున్నాను. జ్ఞాపకము వచ్చినచో వానిని పిలిచి మాటలాడుచున్నాను. ఇది నాకు సులభముగా లేదు. కాని ఆ కుట్టుపని చేయు తల్లి రాత్రి తొమ్మిదింటికి చేయగలిగినది, ఉదయము తొమ్మిదింటికి నేను చేయలేననుట న్యాయము కాదు.

ఇంట పిల్లలతో చర్చింపదగిన ప్రశ్నలు

1. పనికిని ఆరాధనకును హెబ్రీ భాషలో ఒకే పదముండుటవలన మనకేమి బోధపడుచున్నది?
2. కరవుకాలమున బాప్తిస్మములను నిలిపివేయుటకు కారణమేమి?
3. మన ఇంట పిడికెడు బియ్యము తీసి యుంచినచో ఏటికెంత యగును? దానిని ఎవరికిత్తము?
4. నిన్న మనము చేసిన తప్పులలో నేడు దిద్దుకొనదగినది ఏది?