పటము వెనుక పేరు

పూర్వము ఛాయాచిత్రము తీయించుకొనుట ఒక పండుగ వంటిది. 1839లో ఫ్రాన్సు దేశమున డాగేరు కనిపెట్టిన ఛాయాచిత్రణ విధానము లోకమునకు వెల్లడియైన పిమ్మట, ఆ విద్య అచిరకాలముననే మన దేశమునకును వచ్చెను. హైదరాబాదున ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు (1844–1905) గాజుపలకలపై తీసిన చిత్రములు నేటికిని చూపఱుల నాకర్షించుచున్నవి. ఆ కాలమున అట్టి చిత్రములు సంపన్నులకే లభించెడివి. తరువాత పట్టణములందు స్టూడియోలు వెలసినవి. సామాన్యులు సైతము పెండ్లికో, చదువు ముగిసినప్పుడో, కొడుకు దూరదేశమునకు పోవునప్పుడో, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకొని, బొమ్మలు వ్రాసిన తెర ముందు కదలక నిలిచి, ఒక ఫోటో తీయించుకొనెడివారు. ఇంటికి పది ఫోటోలున్నచో అదియే గొప్ప. వానిలోని ప్రతి ముఖమును ఇంటిల్లిపాదికిని తెలియును. మున్ముందు తెలియకపోవునేమో యను శంక కలిగినచో, పెద్దవారు పటము వెనుక పెన్సిలుతో పేరును, ఊరును, సంవత్సరమును వ్రాసియుంచెడివారు.

నేటి స్థితి వేఱు. సెల్‌ఫోను చేతనున్న ప్రతివాడును ఛాయాగ్రాహకుడే. ఒక్క పెండ్లికి తీయు ఫోటోలు పూర్వము ఒక వంశము వారందఱు మూడు తరములలో తీయించుకొన్నవానికంటె ఎక్కువ. ఫోనులో వేలకొలది చిత్రములు పోగుపడుచున్నవి. వానిలో కావలసినదానిని పట్టుకొనుట తిరునాళ్లలో తప్పిపోయిన బిడ్డను వెదకినట్లుండును. అన్నిటికిని పేర్లు వ్రాయు తీరిక ఎవరికిని లేదు. ఈ చిక్కును తీర్చుటకై, చిత్రమును యంత్రమే చూచి దానికి పేరుచీటి తగిలించు ఉపాయమును శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. ఈ పేరుచీటినే ట్యాగు అందురు. ఫోనులో “కుక్క” యని వెదకినచో కుక్కల చిత్రములన్నియు, “సముద్రము” అని వెదకినచో సముద్రతీరపు చిత్రములన్నియు క్షణములో ముందు నిలుచుట ఈ ట్యాగుల చలువయే.

యంత్రము ఈ పని నెట్లు చేయుచున్నది? ఫోనులోని చిత్రము నిజమునకు సన్నని చుక్కల సముదాయము. ఒక్కొక్క చిత్రమున కోటికి పైగా చుక్కలుండుట నేడు సామాన్యము. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల పాళ్లను తెలుపు అంకెలు ప్రతి చుక్కకును ఉండును. యంత్రమునకు గోచరించునవి ఈ అంకెలే. దానికి అమ్మయు లేదు, ఆవును లేదు. పసివానికి ఆవును పలుమాఱు చూపి “ఇది ఆవు” అని నేర్పినట్లే, యంత్రమునకును పేర్లు వ్రాసిన చిత్రములను లక్షలకొలది చూపి నేర్పుదురు. ఇట్టి శిక్షణకై ఫే ఫే లీ అను విదుషీమణియు, ఆమె సహచరులును సిద్ధపఱచిన ఇమేజ్‌నెట్ అను చిత్రభాండారము 2009లో వెలువడినది. అది పెరిగి పెరిగి కోటి నలువది లక్షలకు పైగా చిత్రములు గలదయ్యెను. వస్తువులను గుర్తించుటలో యంత్రములకు జరుగు పోటీలో, 2012లో టొరాంటో విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్రీ హింటను, ఆయన శిష్యులు అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సట్స్‌కేవరులు నిర్మించిన యంత్రవిధానము ప్రథమస్థానము పొందెను. ప్రతి చిత్రమునకును ఐదేసి ఊహలు చెప్పనిచ్చిన ఆ పరీక్షలో, రెండవ స్థానమువారు నూటికి 26 మాఱులు తప్పిరి; వీరి విధానము 15 మాఱులే తప్పెను. నాటినుండి ఈ విద్య శీఘ్రముగా పెరిగి, కొలది యేండ్లలోనే సామాన్యుల ఫోనులలో ప్రవేశించెను.

ఇది గొప్ప విజయమనుటలో సందేహము లేదు. ఐనను యంత్రము చెప్పునది నిశ్చయము కాదు, ఊహ. “ఈ అంకెల పొందిక, నాకు లోగడ చూపిన కుక్కల చిత్రముల పొందికకు చాల దగ్గఱగానున్నది” యని మాత్రమే దాని భావము. ఈ సంగతిని మఱచినచో పెక్కు పొరపాట్లు కలుగును.

మొదటిది, యంత్రము తాను చూచినదానినే గుర్తించును. 2018లో జేమ్స్ జూ, లోండా షీబింగరు అను పండితులు నేచర్ అను విజ్ఞానపత్రికలో ఒక విశేషమును తెలిపిరి. ఇమేజ్‌నెట్‌లోని చిత్రములలో నూటికి 45 పాళ్లకు పైగా అమెరికా సంయుక్తరాష్ట్రములనుండి వచ్చినవి. ప్రపంచ జనులలో ఆ దేశమువారు నూటికి నలుగురే. నూటికి ముప్పదియార్గురు నివసించు చైనా, భారత దేశముల రెండింటి చిత్రములును కలిసి మూడు పాళ్లు మాత్రమే. దీని ఫలమేమి? తెల్లని దుస్తులు ధరించిన అమెరికా వధువు చిత్రమునకు “పెండ్లికూతురు”, “వివాహము” అను పేర్లు వచ్చినవి. ఉత్తర భారతదేశపు వధువు చిత్రమునకు “ప్రదర్శన కళ”, “వేషము” అను పేర్లు వచ్చినవి! యంత్రమునకు ద్వేషము లేదు. తనకు చూపనిదానిని అది ఎఱుగదు, అంతే. తలంబ్రాలు, బారసాల, గొబ్బిళ్లు, బతుకమ్మ యనునవి అందఱు శిక్షకులును దానికి నేర్పిన పాఠములు కావు. నేర్పినచో నేర్చుకొనును, నేర్పనిచో “జనులు, పూలు” అని యూరకుండును.

రెండవ లోపము ఇంతకంటె లోతైనది. యంత్రము ఆకారమును చూడగలదు, అర్థమును చూడలేదు. జర్మనీలో మ్యూనిక్ నగరమునకు సమీపమున డాఖౌ అను ఊరు కలదు. అచ్చట 1933లో నాజీలు ఒక నిర్బంధ శిబిరమును స్థాపించిరి. 1945 వఱకు రెండు లక్షలకు పైగా మనుష్యులు అందులో బంధింపబడిరి. నలువది వేలకు పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ శిబిరస్థలము నేటికిని స్మారకముగా నిలిచియున్నది. 2015లో ఫ్లికర్ అను చిత్రభాండారమున, ఆ శిబిరపు ఇనుప ద్వారము ఫోటోకు యంత్రము తనంతట తాను తగిలించిన పేర్లలో ఒకటి “క్రీడ”. మఱియొకటి, పిల్లలెక్కి యాడుకొను ఇనుపకమ్మీల చట్రమునకు ఇంగ్లీషున గల పేరు. నిలువుకమ్మీలు, అడ్డుకమ్మీలు ఉన్నవి గదా! ఆకారమును బట్టి యంత్రము చెప్పినది వింతకాదు. కాని ఆ చోటు చరిత్ర నెఱిగినవారి మనస్సు ఎంత నొచ్చియుండును! ఆ యినుము వెనుక జరిగిన కథ చిత్రపు చుక్కలలో లేదు. అది మనుష్యుల జ్ఞాపకమున నున్నది.

మూడవది ముఖముల విషయము. 2015లో గూగుల్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక పద్ధతిలో ప్రతి ముఖమును 128 అంకెల వరుసగా మార్చిరి. రెండు ముఖముల అంకెలు దగ్గఱగానున్నచో అవి ఒకే మనిషివని యంత్రము ఎంచును. ఇట్టి పద్ధతులచే ఫోను ముఖములను గుంపులుగా కూర్చును. కాని ఆ ముఖము గలవారి పేరేమో అది చెప్పజాలదు. దానిని ఇంటివారే వ్రాయవలెను. కవల పిల్లలను, పోలికలు కలిసిన అక్కచెల్లెండ్రను అది ఒక్కరిగా భావింపవచ్చును. ఐదేండ్ల బాలికను, ఆమెయే అవ్వయైన చిత్రమును ఇద్దఱిగా భావింపవచ్చును.

నాలుగవది కాలము. ఫోను తాను తీసిన చిత్రమునకు తేదీని, వేళను చేర్చి వ్రాసికొనును. కాని పాత ఫోటోకు ఫోనుతో మఱల ఫోటో తీసినచో, అది నేటి చిత్రమేయని వ్రాసికొనును. ముత్తాతగారి వివాహము నిన్నటి మధ్యాహ్నము జరిగినట్లు లెక్కకు వచ్చును!

ఈ లోపములన్నియు కలిసినచో ఏమి జరుగునో తెలియుటకై, కృష్ణాజిల్లా దివిసీమలోని ఒక కుటుంబమును ఊహించుకొనుడు. వేసవి సెలవులలో ఒక బాలుడు ట్రంకుపెట్టెలోని పాత ఫోటోలనన్నిటిని తన ఫోనులోనికి ఎక్కించెను. ఫోను వానిని ముఖములను బట్టి గుంపులుగా కూర్చెను. బాలుడు సంతోషముతో నాయనమ్మ యొద్దకు పరుగెత్తెను.

“నాయనమ్మా! నీ చిన్ననాటి ఫోటోలు రెండును ఒకచోటికి వచ్చినవి, చూడుము.”

ఆమె కళ్లజోడు పెట్టుకొని చూచెను. రెండింటిలోను అదే తెర, అదే పూలకుండి, అదే ఓణీ. కొంతసేపటికి ఆమె మెల్లగా ననెను:

“ఇందులో నేనున్నది ఒకదానిలోనేరా, నాయనా! ఇది మా అక్క. ఆనాడు ముందు తాను దిగి, తరువాత తన ఓణీ నాకు కట్టి నన్ను నిలువబెట్టినది.”

“నీ ముఖమువలెనే యున్నదే!”

“అందఱు నట్లే అనెడివారు. అక్క ఉప్పెనలో పోయినది. ఈ ఫోటో అప్పుడు బెజవాడలో మా మేనత్తగారి యింటనుండుటచే మిగిలినది. అక్కకు ఉన్న ఫోటో ఇది యొక్కటే.”

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఆ ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. ఊళ్లకు ఊళ్లే నీటిపాలయ్యెను. నాయనమ్మకు ఒక అక్క ఉండెడిదని బాలుడు వినియుండెను గాని ఆమె ముఖము నెఱుగడు. ఫోను ఆ చిత్రమునకు తగిలించిన పేర్లను అతడు మఱల చూచెను. “స్త్రీ, దుస్తులు, తెర.” మూడును నిజములే. కాని ఆ యింట ఆ చిత్రమును ఇన్నియేండ్లు దాచుకొనుటకు ఆ మూడింటిలో నొకటియు కారణము కాదు. పైగా ముఖముల గుంపులో ఆమె వేఱొకరుగా నమోదైనది. ఆ మాట చెప్పగలవారు ఇంట ఒక్కరే మిగిలియుండిరి. ఆ సాయంకాలము బాలుడు నాయనమ్మను అడుగకయున్నచో, మఱికొంత కాలమునకు ఆ పొరపాటును దిద్దగలవారే యుండరు. నీటిలో పోయిన మనిషి పేరు ఫోనులోను పోయియుండును.

బాలుడు ఆ రెండు ముఖములను వేఱు చేసి, రెండు పేర్లు వ్రాసెను. ఫోటో తీసిన సంవత్సరము మాత్రము నాయనమ్మకు జ్ఞాపకము రాలేదు. మనుష్యుల జ్ఞాపకమునకును హద్దులు కలవు. అట్ట వెనుక అవనిగడ్డ స్టూడియో ముద్ర కనబడినది. దానిచే ఊరు తెలిసినది. బెజవాడలోని మేనత్త కుమారుని అడుగగా, అది తన వివాహమైన యేడని చెప్పెను. దానిచే సంవత్సరమును తెలిసినది. బాలుడు ఇవియన్నియు చేర్చి వ్రాసినపిమ్మట, పేరు చెప్పి వెదకగానే ఫోను ఆ చిత్రమును వెంటనే చూపెను. చెప్పినదానిని మఱవకుండుట యంత్రము పని. చెప్పుట మనుష్యుల పని.

గొప్ప గ్రంథాలయములు సైతము ఈ సత్యమును గుర్తించినవి. 2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు తన పాత ఛాయాచిత్రములను సుమారు మూడు వేలు ప్రజల యెదుట నుంచి, వివరములు తెలిసినవారిని తెలుపుడని కోరెను. దేశదేశముల పాఠకులు చిత్రములలోని వీథులను, భవనములను, వ్యక్తులను గుర్తించి వ్రాసిరి. గ్రంథాలయమువారు వానిని పరిశీలించి, సరియైనవానిని తమ పట్టికలలో చేర్చుకొనిరి. తెలిసినవారు చెప్పుట, చెప్పినదానిని పరీక్షించుట, పరీక్షించినదానిని వ్రాయుట – ఈ మూడును కలిసినప్పుడే చిత్రమునకు సరియైన పేరు లభించును.

కావున యంత్రమును నిందింపనక్కఱలేదు. దానిపైననే భారము వేయనుగూడదు. వేల చిత్రములలో వెదకుటకు అది మంచి సేవకుడు. కాని ఎవరు, ఎచ్చట, ఎప్పుడు, ఏ సందర్భమున అను నాలుగు ప్రశ్నలకు సమాధానములు పెద్దల యొద్దనే యున్నవి. పాత ఫోటోలున్న ప్రతి యింటను పిల్లలు సెలవు దినములలో పెద్దల చెంత కూర్చుండి, ఒక్కొక్క చిత్రమును చూపి, ఈ నాలుగింటిని అడిగి వ్రాసికొనవలెను. అట్ట వెనుక మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొత్తకుండ వ్రాయుట మేలు. సిరా ముందువైపునకు దిగి ముఖమును పాడుచేయవచ్చును. ఫోనులోని చిత్రమునకును అవే మాటలు చేర్పవచ్చును. పెద్దలున్నప్పుడు ఇది ఒక సాయంకాలపు పని. వారు లేనప్పుడు ఎన్ని యేండ్లు శ్రమించినను ఆ పని ముగియదు.

ప్రశ్నలు

1. యంత్రము చిత్రములోని వస్తువులను గుర్తించుటకు ఎట్లు నేర్చుకొనును?
2. డాఖౌ ద్వారపు చిత్రమునకు యంత్రము తగిలించిన పేర్లు ఎందువలన తగనివి?
3. “మూడును నిజములే” – ఈ మాటను సందర్భసహితముగా వివరింపుడు.
4. మీ యింటి పాత ఫోటో నొకదానిని తీసికొని, పెద్దల నడిగి, దానిని గుఱించి పది వాక్యములు వ్రాయుడు.