వైఫై పవర్ ఫుల్‌లో పెట్టారా? ఒకసారి తగ్గించి చూడండి

సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో మా మామయ్యవాళ్ల ఫ్లాట్. హాల్లో వైఫై బాగానే వస్తుంది, వెనక బెడ్‌రూమ్‌కి వెళ్తే చుక్కలు చూపిస్తుంది. మా మరదలు కూర్చునేది ఆ రూమ్‌లోనే. వీడియో కాల్‌లో జరిగిన జాబ్ ఇంటర్వ్యూ మొదటి రౌండ్‌లో మూడుసార్లు కట్టయింది. రెండో రౌండ్ సోమవారం. శనివారం పొద్దున్నే మామయ్య ఫోన్: "ఒరేయ్, సీటీసీకి వెళ్లి మంచి రౌటర్ ఒకటి చూడరా."

పార్క్ లేన్‌లో సీటీసీకి వెళ్లాను గానీ, కొన్నది 15 మీటర్ల లాన్ కేబుల్ ఒక్కటే. వాళ్లింట్లో పాత డ్యూయల్ బ్యాండ్ రౌటర్ అటక మీద పడుంది. దాన్నే యాక్సెస్ పాయింట్‌గా మార్చి వెనక రూమ్‌లో పెడదామనుకున్నా. పని చిన్నదే. పాత రౌటర్ ఐపీ అడ్రస్ మెయిన్ రౌటర్‌తో క్లాష్ అవ్వకుండా మార్చాలి, డీహెచ్‌సీపీ ఆఫ్ చేయాలి, కేబుల్‌ని వాన్ పోర్ట్‌లో కాకుండా లాన్ పోర్ట్‌లో గుచ్చాలి. కొన్ని మోడల్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అనే ఆప్షనే ఉంటుంది, అదుంటే ఇదంతా అక్కర్లేదు. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రెండింట్లో ఒకటే పెట్టాను.

తీరా చూస్తే, తను ల్యాప్‌టాప్ పట్టుకుని హాల్లోంచి రూమ్‌లోకి వెళ్లగానే కాల్ మళ్లీ తడబడింది! పక్కనే యాక్సెస్ పాయింట్ ఉన్నా ల్యాప్‌టాప్ హాల్లో రౌటర్‌నే పట్టుకుని వేలాడుతోంది.

తప్పు నాదే. రెండింట్లోనూ ట్రాన్స్‌మిట్ పవర్ 'హై'లో వదిలేశాను. దేనికి కనెక్ట్ అవ్వాలో తేల్చుకునేది ప్రధానంగా మన డివైసే, రౌటర్ కాదు. ఉన్న సిగ్నల్ బాగా పడిపోతే గానీ అది కొత్తదాన్ని వెతకదు. హాల్లో రౌటర్ గట్టిగా అరుస్తున్నంతసేపూ ల్యాప్‌టాప్‌కి రెండు గీతలు కనిపిస్తూనే ఉంటాయి. మరి ల్యాప్‌టాప్ మాట రౌటర్‌కి చేరాలిగా? రౌటర్ 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లతో పంపుతోందనుకోండి, ఫోన్లు సాధారణంగా అంతకంటే తక్కువతోనే పంపుతాయి. మైకులో మాట్లాడేవాడి గొంతు వీధంతా వినిపిస్తుంది, వీధి చివరి మనిషి జవాబు అతనికి వినపడదు. అందుకే అవతలివాళ్లు మనకి బాగానే కనిపిస్తారు, మన వీడియో మాత్రం వాళ్ల దగ్గర ఆగిపోతుంది. ఇంటర్వ్యూలో ఇంతకంటే నష్టం ఏముంటుంది!

రెండింటినీ 'మీడియం'కి దించాను. మీ మోడల్‌లో డీబీఎం అంకెలు ఉంటే, 3 తగ్గిస్తే పవర్ సగమవుతుందని గుర్తుపెట్టుకోండి. 'లో' కూడా ట్రై చేశా, వంటింట్లో సిగ్నల్ పోయింది, మళ్లీ వెనక్కి. కూర్చునే చోట మైనస్ 67 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే వీడియో కాల్‌కి చాలు (మైనస్ 60 అంటే ఇంకా మంచిది, మైనస్ 75 అంటే కష్టం).

ఇక చానెల్స్. ఫోన్‌లో ఎనలైజర్ యాప్ తెరిస్తే 2.4 గిగాహెర్ట్జ్‌లో 27 నెట్‌వర్క్‌లు కనిపించాయి. అపార్ట్‌మెంట్ కదా మరి. మన దేశంలో ఈ బ్యాండ్‌లో 1 నుంచి 13 దాకా చానెల్స్ ఉన్నాయి. వాటి మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, వైఫైకి కావాల్సింది కనీసం 20. అందుకే 1, 6, 11 వాడతారు, ఇవి ఒకదాని మీద ఒకటి పడవు. "3 ఖాళీగా ఉంది కదా" అని అక్కడ దూరకండి. ఒకే చానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకటి మాట్లాడుతుంటే ఇంకొకటి ఆగుతాయి. మధ్యలో కూర్చుంటే మీ మాట అటూ ఇటూ ఉన్నవాళ్లకి వట్టి రొద, వాళ్ల మాట మీకు రొద. హాల్లో 1, వెనక 11 పెట్టాను. విడ్త్ 20. ఇక్కడ 40 పెడితే పక్కింటివాళ్ల వాటా కూడా తినేసినట్టే. అమెరికా నుంచి తెచ్చిన ఫోన్ ఇంట్లో ఉంటే 12, 13 జోలికి వెళ్లకండి, దానికి మీ నెట్‌వర్క్ కనిపించకపోవచ్చు.

5 గిగాహెర్ట్జ్‌లో హాల్లో 36, వెనక 149. విడ్త్ 80 నుంచి 40కి తగ్గించా. స్పీడ్ టెస్ట్‌లో అంకె తగ్గుతుంది, నిజమే. కాల్‌కి కావాల్సింది కొద్ది ఎంబీపీఎస్సే కాబట్టి ఫర్వాలేదు. 52 నుంచి 64, ఆపైన 100 సిరీస్ చానెల్స్ (2018 అక్టోబర్‌లో మన దగ్గర లైసెన్స్ లేకుండా వాడుకునే బ్యాండ్‌ని పెంచినప్పుడు ఈ 100 సిరీస్ కూడా వచ్చింది) ఖాళీగానే ఉంటాయి. కానీ అక్కడ రాడార్లు కూడా ఉంటాయి. రౌటర్ కనీసం 60 సెకన్లు విని, రాడార్ లేదని తేలాకే మొదలుపెడుతుంది. మధ్యలో రాడార్ వినిపిస్తే చానెల్ ఖాళీ చేసి వెళ్లిపోవాల్సిందే. మామూలు రోజుల్లో వాడుకోండి, ఇంటర్వ్యూ రోజు వద్దు. చానెల్ 'ఆటో'లో ఉంటే రౌటర్ తనే అటు వెళ్లొచ్చు, అందుకే చేత్తో సెట్ చేశాను.

ఆదివారం రాత్రి వీడియో కాల్ ఆన్ చేసి హాల్లోంచి రూమ్‌కి పదిసార్లు నడిపించాను. ఒక్కసారి క్షణం పాటు బొమ్మ ఆగింది, అంతే. సోమవారం 45 నిమిషాల ఇంటర్వ్యూ ఒక్కసారీ కట్టవ్వలేదు. మామయ్య మాత్రం రౌటర్ కొనకుండా కేబుల్ తెచ్చానని ఇంకా గొణుగుతూనే ఉన్నారు.