పాత అంబాసిడర్‌కు డిస్క్ బ్రేకులు: పైపులు మార్చడం ఎలా?

గురువారం పొద్దున హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో ఓ చుట్టు తిరిగితే పాత కారు పనికి కావాల్సిన పనిముట్లు చాలానే కనిపిస్తాయి. పానాలు, జాకీ, బెంచి వైసు ఏది నచ్చితే అది బేరమాడి తెచ్చుకోండి. బ్రేకు పైపు, హోసు, వాషరు మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా పాతవి కొనొద్దు. డ్రమ్ములు తీసి డిస్కులు వేయించేవాళ్లు కాలిపర్ల మీద వేలకు వేలు పెట్టి, పైపుల దగ్గరికొచ్చేసరికి పాతవే సర్దుకుంటారు. తొక్కిన బలమంతా చక్రానికి చేరేది ఆ సన్నటి పైపులోంచే.

చవితి ముందు ధూల్‌పేట్ సందుల్లో విగ్రహాల బళ్లు, పిల్లలు, తోపుడు బండ్ల మధ్య కారు నడిపేవారికి బ్రేకు విలువ వేరే చెప్పక్కర్లేదు. పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే ఆయిల్ లైను. ఎక్కడ పైపు పగిలినా పెడల్ నేలకంటుతుంది, నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే ముందూ వెనకా లైన్లు విడిపోయే టాండెమ్ మాస్టర్ సిలిండర్‌ను ఇదే పనిలో వేయించేయండి. డిస్కులకు డ్రమ్ముల కన్నా ఎక్కువ ఒత్తిడి కావాలి కాబట్టి బూస్టర్ కూడా ఉండాలి. 2014లో తయారీ ఆగిపోయేలోపు వచ్చిన తరువాతి అంబాసిడర్లలో ముందు డిస్కులున్నవి ఉన్నాయి. ఆ సామాను ఒకే బండి నుంచి సెట్టుగా దొరికితే పని తేలిక. కాలిపర్ రబ్బరు సీళ్లు మాత్రం కొత్తవి వేయాలి.

ముందు కారును గట్టి నేల మీద స్టాండ్లపై నిలబెట్టండి. ఒట్టి జాకీ మీద ఉన్న కారు కిందికి దూరొద్దు. పైపు ఎటు నుంచి ఎటు వెళ్తోందో ఫోన్లో ఫొటోలు తీసుకోండి. యూనియన్ నట్లకు ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. మామూలు పానాతో తిప్పితే మూలలు అరిగిపోతాయి, పక్కన చీలిక ఉన్న రింగు పానా వాడండి. తీసిన పైపును పారేయొద్దు, కొత్తదాన్ని వంచడానికి అదే నమూనా.

కొత్త పైపు రెండు పొరల స్టీలుదైనా, రాగి-నికెల్ మిశ్రమానిదైనా మంచిదే. పాత బ్రిటిష్ తరహా కార్లకు 4.75 మి.మీ. సైజు సరిపోతుంది. ఫ్రిజ్జులకు వాడే ఒట్టి రాగి గొట్టం చేతికి తేలిగ్గా వంగుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ అదురుకు గట్టిపడి చిట్లుతుంది. వద్దే వద్దు.

అసలు చిక్కు మరలది. అంబాసిడర్ నట్లు అంగుళాల లెక్క: 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. ఇప్పటి కార్ల కాలిపర్‌కు చాలావరకు ఎం10. ఒకటి 9.5 మి.మీ. పైచిలుకు, మరొకటి 10. పక్కపక్కన పెట్టినా తేడా కనిపించదు. చిన్న నట్టు పెద్ద కంతలో రెండు చుట్లు బిగిసినట్టే అనిపించి, గట్టిగా తొక్కిన రోజు ఊడి వస్తుంది. అనుమానముంటే మరల గేజీ పెట్టి చూడండి. రాణీగంజ్‌లో స్పేర్ల దుకాణానికి పాత నట్టు, కాలిపర్ రెండూ పట్టుకెళ్లి, రెండు కొసలూ సరిపోయే హోసు అడగండి.

పైపును ట్యూబ్ కట్టర్‌తో కోయండి. రంపం వాడితే ఇనుప రజను లోపల పడుతుంది. కొస లోపలి గరుకు తీసి, ఊది శుభ్రం చేసి, నట్టు ఎక్కించి, ఆ తర్వాతే ఫ్లేర్ చేయండి. ఫ్లేర్ అయ్యాక నట్టు ఎక్కదు. కొసను లోపలికి మడిచే డబుల్ ఫ్లేర్ ఒకటి, బుడగలా ఉబ్బే బబుల్ ఫ్లేర్ ఇంకొకటి. కంత అడుగు ఏ ఆకారంలో ఉంటే పైపు కొసకు అదే కావాలి. పాడైన ముక్కల మీద రెండు మూడు సార్లు చేయి తిరిగాకే అసలు పైపు ముట్టుకోండి. పగుళ్లుంటే కోసేసి మళ్లీ చేయండి.

బిగించేటప్పుడు సైలెన్సర్‌కు దూరంగా, సుమారు అడుక్కొక క్లిప్పు చొప్పున పట్టించండి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, హోసు టైరుకు రాసుకోవడం లేదని కళ్లారా చూడండి. కాలిపర్ బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయాలి. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌నే ఉంచుకుంటే, లైన్లో కొంత ఒత్తిడి నిలిపే వాల్వు అందులో ఉంటుంది. డిస్కు లైనుకు అది తీసేయించకపోతే ప్యాడ్లు వదలక రాసుకుంటూ కాలిపోతాయి.

ఇక గాలి తీయడం. సీలున్న కొత్త డాట్ 4 బ్రేకాయిల్ పోయండి. ఇది పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిప్పిల్ వదిలి బిగించాలి, ఆ తర్వాతే కాలు తీయాలి. డబ్బాలో ఆయిలు అడుగంటకుండా చూసుకోండి. ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంటే కాలిపర్ నిప్పిల్ చూడండి. అది కింది వైపు ఉందంటే కుడి కాలిపర్ ఎడమకు పడింది, గాలి పైనే ఉండిపోతోంది.

చివరగా పెడల్‌ను ఒక నిమిషం బలంగా తొక్కి పట్టించి, ప్రతి జాయింటునూ తెల్ల కాగితంతో తుడవండి. తడి తగిలితే పని అవ్వనట్టే. మొదటిసారి చేస్తున్నవాళ్లు బ్రేకుల పని తెలిసిన మిస్త్రీకి చూపించి, ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి, వెనక చక్రాలు ముందుగా పట్టేయడం లేదని నిర్ధారించుకోండి. పురానాపూల్ ట్రాఫిక్‌లోకి ఆ తర్వాతే వెళ్లండి.