ఎముక కొలిచే ముందు

చిరంజీవి తమ్ముడికి,

కాలిఫోర్నియాలో రెండు చోట్ల పట్టిన మగ గోఫర్ల (బొరియల్లో బతికే ఎలుకల వంటి జంతువులు) శిశ్నాస్థి, అదే మీరు బాక్యులం అనేది, పొడవులో తేడాగా వస్తోందనీ, అవి వేరు జాతులేమోననీ రాశావు. ఆ మాట అనే ముందు కాస్త ఆగు.

ఆ ఎముకను నమ్మడంలో తప్పు లేదు. థోమోమిస్ టాల్పాయిడిస్ అనే గోఫర్ జాతిలో అది పొడుగు, థోమోమిస్ బొట్టే అనే జాతిలో పొట్టి. 1960లో విలియం హెన్రీ బర్ట్ ఉత్తర అమెరికా క్షీరదాల బాక్యులాల మీద వేసిన గ్రంథం నీ బల్ల మీద ఉండాల్సిందే. కానీ నీ రెండు గుంపులూ బొట్టేలే. ఒకే జాతిలో వయసు పెద్ద చిక్కు. కుర్ర మగవాటి ఎముక సన్నగా ఉంటుంది, ముదిరేకొద్దీ మొదలు లావెక్కుతుంది. పుర్రె అతుకులు చూసి ముందు వయసులు విడదియ్యి.

తర్వాత తిండి. 1987లో పాటన్, బ్రిల్స్కీ అనే ఇద్దరు పరిశోధకులు అల్ఫాల్ఫా (మన రైతులు లూసర్న్ అనే మేత) చేలలో పెరిగిన బొట్టేలను చుట్టుపక్కల బీడు నేలల్లోని వాటితో పోల్చారు. మేత పుష్కలంగా ఉన్న చోట ఒళ్ళే పెద్దది. ఒళ్ళు పెద్దదైతే ఎముక పెద్దది కావడంలో వింతేముంది? అందుకే వట్టి పొడవు రాసి ఊరుకోకు. పుర్రె కొలతతో కలిపి చూడు. అప్పటికీ తేడా మిగిలితే, అది పట్టించుకోదగ్గ తేడా.

నీ ఉత్తరంలో ఆడవాటి ఊసే లేదు. అది నాకు నచ్చలేదు. ఈ జంతువుల్లో అసలు అద్భుతం వాటి కటి ఎముకల్లో ఉంది. ఇరుకు బొరియలో తిరిగే ఒంటికి కటి సన్నగా ఉండాలి. ఆ సందులోంచి పిల్ల బయటికి రాలేదు. అందుకని మొదటి కాన్పుకు ముందే ముందువైపు జఘనాస్థుల అతుకు కరిగిపోతుంది, మళ్ళీ పూడదు. మగవాటిలో అది జీవితాంతం మూసుకునే ఉంటుంది. ఫ్రెడరిక్ హిసా అనే శాస్త్రవేత్త జియోమిస్ బర్సేరియస్ జాతి గోఫర్లలో దీన్ని పరిశీలించి 1924లో ప్రచురించాడు. ఇది అండాశయం పనేనని ఆ తర్వాత చూపించాడు. ఆ దారిలోనే వెళ్ళి 1926లో గినీ పందుల మీద చేసిన ప్రయోగాలతో రిలాక్సిన్ అనే హార్మోన్ ఉనికిని పట్టుకున్నాడు. ప్రసూతి వైద్యులు ఇవాళ మాట్లాడే హార్మోన్ ఒక గోఫర్ ఎముక దగ్గర మొదలైందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

నీకు దీనివల్ల ఒక లాభం ఉంది. క్షేత్ర నోట్సులో ఏమీ లేకపోయినా, అతుకు తెరుచుకున్న ఆడది ఈడుకొచ్చిందని అస్థిపంజరమే చెబుతుంది. ఒక ప్రమాదమూ ఉంది. మేత బాగున్న చేలో ఆడవి త్వరగా ఈడుకొస్తాయి కాబట్టి అక్కడ అతుకు తెరుచుకున్న కటి ఎముకలు ఎక్కువ కనిపించవచ్చు. దాన్ని ఆ గుంపు శరీర నిర్మాణమే వేరనడానికి రుజువుగా చూపకు.

బాక్యులం శుభ్రం చేసేటప్పుడు పొటాషియం హైడ్రాక్సైడ్ పలచగానే వాడు, తొందరపడి గాఢత పెంచితే కొస పెళుసెక్కుతుంది. అలిజరిన్ అనే ఎరుపు రంగు ఎముకకు పట్టాక గ్లిసరిన్‌లో ఉంచు. ప్రతి సీసాలోనూ నమూనా సంఖ్య వేసిన చీటీ లోపలే ఉండాలి. బయట అంటిస్తే ఊడిపోతుంది.

ఆడవాటి కొలతలు మొదలుపెట్టాక మళ్ళీ రాయి.

మీ అక్క