నీటి కీటకాల పరిణామం - జన్యు ఆధారాలు
(పోటీ పరీక్షల ప్రత్యేకం: జనరల్ సైన్స్ - బయాలజీ)

తూనీగల పిల్లదశ నీటిలోనే గడుస్తుంది. వాటర్ స్ట్రైడర్లు తలతన్యత ఆధారంగా నీటిపై నడుస్తాయి. ఇవి ఎలా పరిణమించాయో తెలుసుకోవడానికి శిలాజాలతో పాటు జన్యుక్రమ విశ్లేషణ తోడ్పడుతోంది.

ముఖ్యాంశాలు
• 2014లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన అధ్యయనంలో 1,478 జన్యువులను పోల్చారు. దాని అంచనా ప్రకారం కీటకాలు సుమారు 47.9 కోట్ల ఏళ్ల క్రితం, వాటిలో ఎగిరే సామర్థ్యం సుమారు 40.6 కోట్ల ఏళ్ల క్రితం ఆవిర్భవించాయి.
• విధానం: ఉమ్మడి జన్యువుల్లోని తేడాలతో వంశవృక్షం గీస్తారు. వయసు తెలిసిన శిలాజాలతో కాలాన్ని సరిచూస్తారు.
• వాటర్ స్ట్రైడర్లు హెమిప్టెరా క్రమానికి చెందినవి.

రాగోవేలియా ఉదాహరణ
రాగోవేలియా అనే వాటర్ స్ట్రైడర్ వేగంగా పారే వాగుల్లోనూ ఎదురీదగలదు. మధ్య కాళ్ల చివర విసనకర్రలా విచ్చుకునే రోమాల కుచ్చే ఇందుకు కారణం. 2017లో పరిశోధకుడు అబ్దెర్రహ్మాన్ ఖిలా బృందం ఈ కుచ్చు ఎదుగుదలలో ‘గైషా’, ‘మదర్ ఆఫ్ గైషా’ జన్యువుల పాత్రను గుర్తించింది. పాత జన్యువైన ‘మదర్ ఆఫ్ గైషా’ రెండింతలై గైషా పుట్టింది. ఇది రాగోవేలియా ప్రజాతికే పరిమితం. ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్‌తో ఈ జన్యువులను అణచగా కుచ్చు సరిగా ఎదగలేదు. ఎదురీదే సామర్థ్యం తగ్గింది.

మాదిరి ప్రశ్న
ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ ఆవిష్కరణకు 2006లో వైద్య నోబెల్ పొందినవారు?
1) వాట్సన్, క్రిక్
2) ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో
3) జాకబ్, మోనో
4) బీడిల్, టాటమ్
జవాబు: 2