చిన్న బిడ్డలకు క్రిస్మసు కానుక: ఎంచుకొను విధము

కానుక యిచ్చుట సులభమే గాని, తగిన కానుక నెంచుట కొంత ఆలోచన కోరు పని. డిసెంబరు నెల వచ్చుసరికి హైదరాబాదు, పూణె, ముంబయి నగరములకు పనులకై వెళ్లిన పాలమూరు, నల్లగొండ ప్రాంతములవారు అనేకులు పండుగకు ఇండ్లకు తిరిగివత్తురు. వారి సంచులలో అక్కచెల్లెండ్ర బిడ్డల కొరకును, అన్నదమ్ముల బిడ్డల కొరకును ఏదో యొకటి యుండును. అది తరచుగా బస్సు కదలుటకు పది నిమిషముల ముందు, ఎదుట కనబడిన దుకాణములో తొందరగా కొన్న వస్తువై యుండును. ఆ పది నిమిషములకు బదులు ముందుగా ఒక గంట ఆలోచించినచో కలుగు మేలును చూపుటకే యీ పాఠము వ్రాయబడినది. ఇది పెద్దలకు మాత్రమే గాదు. పెద్దక్కకు పెండ్లియై బిడ్డలున్న యింట పదునాలుగేండ్ల బాలుడును మేనమామయే, పండ్రెండేండ్ల బాలికయు చిన్నమ్మయే. కావున విద్యార్థులును దీనిని శ్రద్ధగా చదువవలెను.

1. ఇచ్చువారికిని బిడ్డకును గల సంబంధము

ఇంగ్లీషు భాషలో తోబుట్టువుల కుమారులకందరికి ఒక్క మాట, కుమార్తెలకందరికి ఒక్క మాట కలవు. మన భాష అట్లు గాదు. పురుషునికి అక్కచెల్లెండ్ర బిడ్డలు మేనల్లుండ్రు, మేనకోడండ్రు. అన్నదమ్ముల బిడ్డలు తన బిడ్డలతో సమానులు, వారాతనిని పెదనాయన యనియు చిన్నాయన యనియు పిలుతురు. స్త్రీ తన అన్నదమ్ముల బిడ్డలకు మేనత్త. అక్కచెల్లెండ్ర బిడ్డలకు పెద్దమ్మ లేక చిన్నమ్మ, అనగా మరియొక తల్లి. ఈ పేళ్లలోనే బాధ్యత యిమిడియున్నది.

మేనమామ బిడ్డకు బట్టలు పెట్టుట, చెవులు కుట్టించునప్పుడు ఒడిలో కూర్చుండబెట్టుకొనుట మొదలగు మర్యాదలు మన ప్రాంతమున నేటికిని కలవు. ఇవి మంచివే. అయితే వీటి వెంట ఒక లెక్కయు నడచివచ్చును. “వారు మాకేమి పెట్టిరి? మేము వారికేమి పెట్టవలెను?” అను మాట పెద్దల నోట వినబడుచునే యుండును. పెట్టుపోతల లెక్క పెద్దల నడుమనే యుండనిండు. దానిని బిడ్డ చేతిలోని బొమ్మమీదికి తేకూడదు. క్రిస్మసు కానుక మారు కోరనిది. మత్తయి సువార్త 2వ అధ్యాయములోని తూర్పు దేశపు జ్ఞానులు శిశువునకు బంగారము, సాంబ్రాణి, బోళము సమర్పించి, వేరొక త్రోవను తమ దేశమునకు వెళ్లిపోయిరి. వారెందరో సువార్త చెప్పలేదు. కానుకలు మూడగుటచేత జ్ఞానులును ముగ్గురని తరువాతివారు తలంచిరి. ఇచ్చినవారి సంఖ్యయైనను వ్రాయబడలేదు గాని, ఇచ్చిన సంగతి నేటివరకు నిలిచియున్నది.

2. పక్షపాతమువలన కలుగు హాని

ఆదికాండము 37వ అధ్యాయములో మరియొక కానుక కథ కలదు. యాకోబు తన కుమారులలో యోసేపునకు మాత్రమే వింతయైన అంగీ కుట్టించెను. ఇచ్చినది ప్రేమతోనే, కాని చూచుచున్న అన్నల హృదయములలో అది ద్వేషమును పుట్టించి, తుదకు ఆ చిన్నవాని గోతిలో పడద్రోయించి, ఐగుప్తునకు అమ్మించెను. ఆ అంగీ లోపములేనిది. దానిని పదిమంది యెదుట ఒక్కనికే యిచ్చుట లోపము.

పండుగనాడు నాయనమ్మ యింటనో అమ్మమ్మ యింటనో బిడ్డలందరు కూడుదురు. ఒకని తండ్రి పట్టణమున ఉద్యోగి. మరియొకని తలిదండ్రులు దూరదేశమున కూలిపనిలో నుండి యీ యేడు రాలేకపోయిరి. మొదటివానికి దూరమునుండి నడిపింపదగిన బ్యాటరీ కారును, రెండవవానికి చేతిరుమాలును ఇచ్చినచో రెండవవాడు నోరెత్తడు. తాతవెనుక పోయి నిలుచుండును. అతడు ఆ దినమున నేర్చుకొన్న పాఠమును ఏ ఉపాధ్యాయుడును సులభముగా మరపింపజాలడు. వెల సమానముగా నుండవలెనని కాదు. రెండేండ్ల బిడ్డకును పదమూడేండ్ల బాలికకును ఒకే వెల యెట్లు కుదురును? ప్రతి బిడ్డను గూర్చియు సమానముగా ఆలోచించితిమా యనునదే ప్రశ్న.

ఇదే విధముగా బాలునికి బంతి, బాలికకు గాజులు అని ముందుగనే నిర్ణయించుటయు పక్షపాతమే. గాజులు కోరిన బాలికకు గాజులిండు. కాని బంతి కొరకు కన్నులు విప్పి చూచుచున్న మేనకోడలికి బంతియే తగినది. బాలికలకు అలంకారమును, బాలురకు ఆటయు ఇచ్చుచు పోయినచో, ఆడుకొను హక్కు ఒకరిదే యని మనమే బోధించినవారమగుదుము.

3. ఫ్రోబెల్ పండితుని కానుకలు

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారందరికి ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్ (1782–1852) పేరు పరిచితము. ఆయన జర్మనీ దేశమున ఒక బోధకుని కుమారుడు. ఏడాది నిండకమునుపే తల్లిని పోగొట్టుకొనెను. 1837లో బ్లాంకెన్‌బర్గ్ అను ఊరిలో చిన్న బిడ్డల కొరకు సంస్థ నేర్పరచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా బిడ్డల తోట, అని పేరిడెను. బిడ్డలకై తాను కల్పించిన ఆటవస్తువులను ఆయన “కానుకలు” అనియే పిలిచెను. మొదటి కానుక రంగురంగుల ఆరు మెత్తని ఉన్ని బంతులు. రెండవది కఱ్ఱతో చేసిన గోళము, ఘనము, స్తంభాకారము. మూడవది ఎనిమిది చిన్న ఘనములుగా విడదీయదగిన ఒక ఘనము.

ఈ వస్తువులయందు ఆడంబరమేమియు లేదు. అయినను ఎనిమిది చెక్కముక్కలతో బిడ్డ యిల్లు కట్టును, పడగొట్టును, వంతెన కట్టును, బండి చేయును. వస్తువు కొద్దిగా చేసినప్పుడు బిడ్డ యెక్కువగా చేయును. బ్యాటరీ బొమ్మ తానే తిరిగి, తానే పాడి, తానే వెలుగుచుండగా బిడ్డకు చూచుట తప్ప పనిలేదు. మూడవనాటికి చూచుటయు విసుగగును.

ఈ సంగతి మన పల్లెల బిడ్డలకు ఫ్రోబెల్ చెప్పకయే తెలియును. వేసవిలో ముంజెలు తిని, మిగిలిన తాటిబుర్రలకు పుల్లగ్రుచ్చి బండి చేసి వీధులవెంట త్రోలుదురు. జొన్నకోతలైన పిమ్మట దంట్లను చీల్చి, లోని బెండుతో ఎడ్లబండ్లను, కండ్లద్దములను చేయుదురు. మనము కొనితెచ్చు కానుక ఆ తాటిబండికంటె బిడ్డచేత ఎక్కువ పని చేయించునా తక్కువ పని చేయించునా యని అంగడిలో నిలుచున్నప్పుడే ప్రశ్నించుకొనవలెను.

4. వయస్సు ననుసరించిన కానుకలు

మూడేండ్ల లోపు: ఈ వయస్సున బిడ్డ ప్రతి వస్తువును నోటితోనే పరీక్షించును. గుడ్డబంతి, గుడ్డబొమ్మ శ్రేష్ఠములు. విద్యార్థులు ఈ బంతిని స్వయముగా చేయవచ్చును. పాత నూలుచీర పీలికలను బిగువుగా చుట్టి, పిడికిలికంటె పెద్ద ఉండ చేసి, పైన ఆకువలె కత్తిరించిన నాలుగైదు రంగుముక్కలు కుట్టి, దారపు కొసలు లోనికి పోవునట్లు ముడివేయవలెను. గుండీలు, పూసలు కుట్టరాదు. పోచంపల్లి, నారాయణపేట, గద్వాల మగ్గములు గల మన సీమలో మంచి నూలుగుడ్డకు కొదువలేదు. మేనత్త కట్టి మెత్తబడిన చీరతో చేసిన బొమ్మకు సాటిలేదు.

నాలుగు మొదలు ఆరేండ్లు: చెక్కముక్కలు, కఱ్ఱబండ్లు, సుద్దకణికలు, పలక. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక గ్రామమున అంకుడుకఱ్ఱను తరిణె పట్టి, చెట్లసంబంధమైన రంగులు కలిపిన లక్క పూసి బొమ్మలు చేయుదురు; వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. తెల్లపొణికి కఱ్ఱతో చేయు కొండపల్లి బొమ్మలు మిక్కిలి సొగసైనవి గాని సున్నితమైనవి. చూచి కథ చెప్పించుటకు తగును, నేలమీద ఈడ్చుటకు తగవు.

ఏడు మొదలు పదేండ్లు: బొంగరము, ఎగురుత్రాడు, రంగుపెన్సిళ్లు, కథల పుస్తకము. 1947 జూలైలో ఆరంభమైన చందమామ మాసపత్రిక కొన్ని తరముల తెలుగు బిడ్డలకు చదువు రుచి చూపెను. అది ఇప్పుడు వెలువడుటలేదు. కాని నేషనల్ బుక్ ట్రస్టు వారును, సికిందరాబాదులోని మంచి పుస్తకం వారును బిడ్డల కొరకు తెలుగు పుస్తకములు ప్రకటించుచున్నారు. పుస్తకపు మొదటి పుటమీద బిడ్డ పేరు, ఇచ్చినవారి పేరు, సంవత్సరము వ్రాయవలెను. పాఠ్యపుస్తకము తప్ప తనదని చెప్పుకొన ఒక్క పుస్తకమైనను లేని బిడ్డకు ఆ పుట ఆస్తిపత్రమువంటిది.

పదునొకండు మొదలు పదునాలుగేండ్లు: ఈ వయస్సువారు ఆటవస్తువు నిచ్చిన చిన్నబుచ్చుకొందురు, పనిముట్టు నిచ్చిన పొంగుదురు. భూతద్దము, టార్చిలైటు, మంచి జామెట్రీ పెట్టె, కుట్టుపని సామాను, కాలిబంతి తగినవి. తలిదండ్రులు సమ్మతించినచో కోడిపెట్టను గాని మేకపిల్లను గాని యిచ్చుట పల్లెలో చక్కని కానుక. దానిని పెంచుటలో లెక్కయు, కనికరమును నేర్తురు.

5. ప్రమాదములు

మూడు సెంటీమీటర్ల వెడల్పైన లేని ముక్కలు గల బొమ్మను మూడేండ్ల లోపు బిడ్డకు ఈయరాదు, గొంతులో అడ్డుపడును. పగిలిన గాలిబుగ్గ ముక్కలును అట్టివే. అన్నిటికంటె భయంకరమైనది చిన్న బొమ్మలలో నుండు గుండ్రని బటన్ బ్యాటరీ. బిడ్డ దానిని మ్రింగగా అన్నవాహికలో చిక్కుకొన్నచో, రెండు గంటలలోనే లోపలి పొరను కాల్చగలదు. అట్టి అనుమానము కలిగిన తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను, ఉదయమువరకు ఆగరాదు. మరలు బిగించిన మూత లేని బ్యాటరీ బొమ్మను కొననే కూడదు.

14 సంవత్సరముల లోపు బిడ్డల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర మన దేశమున తప్పనిసరియైనది. నమోదైన హస్తకళాకారుల వస్తువులకును, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకును సడలింపు కలదు. జాతరలో గాని బాటప్రక్కన గాని ముద్రలేక అమ్ము రంగుపూసిన చౌక బొమ్మలయందు జాగ్రత్త వలెను. కొన్ని రంగులలో సీసము కలిసియుండును, అది బిడ్డల మెదడునకు హానికరము.

6. వ్యయమును పంచు రీతి

ఒక మేనమామకు ఐదుగురు బిడ్డలున్నారనుకొందము. వారి వయస్సులు 2, 5, 8, 11, 13. అతడు అప్పుచేయక వెచ్చింపగల మొత్తమును ఆరు పాళ్లు చేయవలెను. ఐదు పాళ్లతో వరుసగా గుడ్డబంతి, చెక్కముక్కలు, కథల పుస్తకము, భూతద్దము, జామెట్రీ పెట్టె తేవచ్చును. బంతి యింట కుట్టినదైనచో దాని పాలు పెద్దవారి వస్తువులకు కలియును. ఆరవ పాలుతో అందరును కూడి యాడదగినది ఒకటి, పొడుగైన ఎగురుత్రాడో, పెద్ద బంతియో, కొనవలెను. విడివిడి కానుకలు ప్రతి బిడ్డతో “నిన్ను ఎరుగుదును” అని చెప్పును. ఉమ్మడి కానుక “మీరందరొకటే” అని చెప్పును.

అప్పుచేసి తెచ్చిన కానుక వద్దు. జనవరిలో వడ్డీ కట్టుటకై మరల ఊరు విడువవలసిన చిన్నాయనకంటె, చేతిలో బొంగరము పెట్టి దానిని ఆడించుట నేర్పుటకు రెండు దినములు ఎక్కువగా ఇంటనుండు చిన్నాయనయే బిడ్డకు ప్రియుడు.

7. ఇచ్చు రీతి

వెల చెప్పరాదు. పరీక్షలో మార్కుల నడిగి, వాటినిబట్టి ఈయరాదు. అది బహుమానమగును గాని కానుక కాదు. బిడ్డ పేరు పిలిచి, చేతికే ఈయవలెను. ఇచ్చిన పిమ్మట పగిలిపోవునని అద్దాల బీరువాలో పెట్టి తాళము వేయు పద్ధతి అనేక గృహములలో కలదు. బిడ్డ అద్దముగుండా తన బొమ్మను చూచుచు పెరుగును. తలిదండ్రులారా, ఆ తాళము తీయుడు. ఆడగా ఆడగా విరిగిన బొమ్మ తన పని నెరవేర్చినది.

అభ్యాసము

(1) మీ బంధువులలో పదేండ్ల లోపు బిడ్డల పేళ్లను, వయస్సులను వ్రాయుడు. ప్రతివారును ఏ ఆటను ఎక్కువగా ఆడుదురో ప్రక్కన వ్రాయుడు. వ్రాయలేకపోయిన పేరు గల బిడ్డతో ఈ ఆదివారము ఒక గంట గడపుడు.

(2) ఈ నెలలో మీ చేతులతో ఒక గుడ్డబంతిని కుట్టి, మీ యింటనో పొరుగింటనో ఉన్న చిన్న బిడ్డ కిండు.

(3) పండుగకు తలిదండ్రులు రాలేని బిడ్డ మీ వాడకట్టులో ఎవరైన నున్నారా? మీ యింట కానుకలు పంచునప్పుడు ఆ బిడ్డ పేరును ముందుగనే జాబితాలో చేర్చుడు.